స్పిన్‌స్టర్: ఒక పనిపేరు పెళ్ళిలేమికి పేరైన వైనం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం ఒకే ఒక ఇంగ్లీషు మాట గురించి మాట్లాడదలచాను. ఆ మాట ‘స్పిన్‌స్టర్’. పెళ్ళి కాకుండా వయసు మీరిన స్త్రీ అన్న అర్థంలోనే అది ఇప్పుడు మనకు పరిచయం. ఆ అర్థంలోనూ ఎవరూ దాన్ని గౌరవంగా పలకరు. పుట్టిననాడు మాత్రం దానికి పెళ్ళితో ఏ సంబంధమూ లేదు. ఉన్నినీ నారనూ దారంగా వడికి, ఆ పనితో పొట్ట పోసుకునే స్త్రీ అని దాని అర్థం. ఒక పనిమంతురాలి పేరు, భర్త లేకపోవడానికి పేరుగా ఎలా మారింది, ఆ మార్పులో కోర్టుల వంతు ఎంత, యంత్రాల వంతు ఎంత అన్నది నా విషయం.

ఇలాంటి మార్పులకు భాషాశాస్త్రంలో పేర్లున్నాయి. అర్థం ఇరుకైతే అర్థసంకోచం అంటాం, కిందికి దిగజారితే అర్థాపకర్ష అంటాం. ఆ పేర్లు ఏం జరిగిందో చెబుతాయి గానీ ఎవరు చేశారో చెప్పవు. స్పిన్‌స్టర్ విషయంలో ఎవరు చేశారన్నది చాలావరకు కనిపెట్టగలం, ఎందుకంటే ఆ మాట నడిచిన దారి పొడవునా చట్టాలు, కోర్టు కాగితాలు, కరపత్రాలు, జనగణన పట్టికలు పడి ఉన్నాయి.

ముందు మాట నిర్మాణం చూద్దాం. ‘స్పిన్’ అంటే వడకడం. దాని వెనుక ఉన్న ‘స్టర్’ అనే ప్రత్యయం పాత ఇంగ్లీషులో ‘ఎస్త్రె’ అనే రూపంలో ఉండేది. ఒక పని చేసే స్త్రీని సూచించడానికి దాన్ని చేర్చేవారు. రొట్టెలు కాల్చే స్త్రీ ‘బాక్‌స్టర్’, నేసే స్త్రీ ‘వెబ్‌స్టర్’, బీరు కాచే స్త్రీ ‘బ్రూస్టర్’, కుట్టే స్త్రీ ‘సీమ్‌స్టర్’. కాలక్రమంలో, ముఖ్యంగా ఇంగ్లండు ఉత్తర ప్రాంతాల్లో, ఈ ప్రత్యయానికి స్త్రీలింగ స్పృహ పలచబడి మగవాళ్ళకూ అంటుకుంది. అందుకే వెబ్‌స్టర్, బాక్‌స్టర్, బ్రూస్టర్ అన్నవి ఇప్పుడు ఇంటిపేర్లుగా మిగిలాయి. అమెరికన్ ఇంగ్లీషుకు పేరెన్నికగన్న నిఘంటువు కూర్చిన నోవా వెబ్‌స్టర్ ఇంటిపేరులోనూ నేసే స్త్రీని సూచించిన ఆ పాత పనిపేరే దాగి ఉంది. ప్రత్యయం స్త్రీత్వం పోగొట్టుకున్నాక సీమ్‌స్టర్‌కు మరో స్త్రీ ప్రత్యయం తగిలించి ‘సీమ్‌స్ట్రెస్’ అనవలసి వచ్చింది. తరువాతి కాలంలో అదే ప్రత్యయంతో గ్యాంగ్‌స్టర్, యంగ్‌స్టర్ వంటి మాటలు పుట్టాయి. వాటిలో స్త్రీ ఊసే లేదు. ఇంతమంది అక్కచెల్లెళ్ళలో స్పిన్‌స్టర్ ఒక్కటే చివరిదాకా కేవలం స్త్రీకే అంటిపెట్టుకుని ఉండిపోయింది. వడకడమనే పని అంత గట్టిగా ఆడవాళ్ళ పని అయినందువల్లే అలా జరిగిందని నేను అనుకుంటున్నాను.

రాతలో ఈ మాట తొలిసారి కనిపించే చోట్లలో ఒకటి పద్నాలుగో శతాబ్దపు కవి విలియం లాంగ్‌లాండ్ రాసిన ‘పియర్స్ ప్లౌమన్’ కావ్యం. ఆ సందర్భం దగ్గర కాస్త ఆగాలి. అందులో లోభం ఒక మనిషి రూపం ధరించి తన పాపాలు ఒప్పుకుంటాడు. నా భార్య ఉన్నిబట్టలు నేసేది, నూలు వడకడానికి స్పిన్‌స్టర్లను పురమాయించేది అంటూనే, ఆమె వాళ్ళకు కూలి కట్టేటప్పుడు వాడిన పౌను తూకపురాయి తన సొంత తూకం కంటే పావు వంతు బరువెక్కువ అని బయటపెడతాడు. అంటే పౌనుంబావు నూలు వడికితే పౌను నూలుకే కూలి ముట్టేది. మోసపోయిన ఆ స్త్రీలకు పెళ్ళి అయిందా లేదా అన్న ప్రశ్న కవికి తట్టనే లేదు. ఇంగ్లీషు సాహిత్యంలో ఈ మాట అడుగుపెట్టేనాటికే స్పిన్‌స్టర్ అంటే ఒక శ్రామికురాలు, అందులోనూ తూకంలో దగాపడ్డ శ్రామికురాలు. నిఘంటువులు తొలి ప్రయోగంగా ఆ పాదాన్ని చూపిస్తాయి గానీ పక్కనే ఉన్న తూకపురాయిని చూపించవు. నా మటుకు నాకు ఆ రాయి లేకుండా ఆ మాట అర్థం కాదు.

ఆ రోజుల్లో వడకడం ఎంత పెద్ద పనో ఇప్పుడు ఊహించడం కష్టం. ఒక్క మగ్గం ఖాళీగా ఉండకుండా నూలు అందించాలంటే, గుడ్డ రకాన్ని బట్టి, నలుగురు మొదలుకొని ఎనిమిది మంది దాకా వడకవలసి వచ్చేది. మన పొందూరు ఖద్దరు గురించి తెలిసినవాళ్ళకు ఈ లెక్క వింతగా తోచదు: వాలుగ చేప దవడ ఎముకతో దూదిని ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద సన్నని నూలు తీయడానికి అక్కడి స్త్రీలకు పట్టే సమయం ముందు మగ్గం మీద పట్టే సమయం చిన్నదే. ఇంగ్లండులో రాట్నం రాకముందు, వచ్చాక కూడా చాలాకాలం, ఉన్నిని ఒక కర్రకు చుట్టి చంకలో ఇరికించుకుని, చేతి కదురుతో నడుస్తూ, కాపలా కాస్తూ, పిల్లలను ఆడిస్తూ స్త్రీలు వడికేవారు. ఉన్ని చుట్టే ఆ కర్ర పేరు ‘డిస్టాఫ్’. తల్లివైపు బంధుత్వాన్ని ఇంగ్లీషులో ఈనాటికీ డిస్టాఫ్ వైపు అంటారు. తండ్రివైపును ఈటె వైపు అనేవారు. క్రిస్మస్ పండుగ పన్నెండు రోజులూ గడిచాక జనవరి 7న స్త్రీలు తిరిగి పనికి కూర్చునే రోజును డిస్టాఫ్ పేరు మీద ఒక పుణ్యదినంలా చెప్పుకునేవారు. 1381లో రైతులు తిరగబడినప్పుడు జాన్ బాల్ అనే పాదిరి ‘ఆదాము తవ్వి, హవ్వ వడికిన నాడు పెద్దమనిషి ఎవడు?’ అన్న జంటపాదాన్ని ఎత్తుకుని ప్రసంగించాడు. మానవజాతిలో మొదటి మగవాడి పని తవ్వకం, మొదటి ఆడదాని పని వడకడం అని ఆ రైతులందరికీ చెప్పకుండానే తెలుసు. ఆ మాట ప్రకారం హవ్వ కూడా స్పిన్‌స్టరే, భర్త పక్కనే ఉన్న స్పిన్‌స్టర్.

ఇంత మామూలు పనిపేరు వైవాహిక స్థితిగా మారడం కోర్టు కాగితాల్లో మొదలైంది. 1413లో, అయిదో హెన్రీ ఏలుబడి తొలి ఏడాదిలో, ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం కొన్ని రకాల వ్యాజ్యాల్లోనూ నేరారోపణల్లోనూ ప్రతివాది పేరు పక్కన అతని హోదా గానీ అంతస్తు గానీ వృత్తి గానీ, దానితోపాటు ఊరూ తప్పక రాయాలి. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరికి బదులు మరొకరికి శిక్ష పడకూడదన్నది దాని ఉద్దేశం. మగవాళ్ళకు ఈ గడి నింపడం సులువు: పెద్దమనిషి, సొంతభూమి రైతు, కమ్మరి, చర్మకారుడు, కూలీ. స్త్రీ విషయానికి వచ్చేసరికి గుమాస్తా కలం ఆగింది. పెళ్ళయినదైతే ఫలానావాడి భార్య అని రాశాడు, భర్త పోయినదైతే విధవ అని రాశాడు. ఆ రెండూ కానిదాన్ని ఏమని రాయాలి? ఆడవాళ్ళు అందరూ చేసే పని ఒకటుంది గనుక దాన్నే రాశాడు. అలా భార్య, విధవ అనే రెండు వైవాహిక స్థితుల పక్కన స్పిన్‌స్టర్ అనే పనిపేరు మూడో వరసలో నిలబడింది. రెండు స్థితుల పక్కన పదేపదే నిలబడ్డ మూడోదాన్ని జనం కూడా స్థితిగానే చదవడం మొదలుపెట్టారు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన దస్తావేజులు తిరగేయండి. మగవాడి పేరు పక్కన తండ్రి పేరు, వయసు, ‘వ్యవసాయం’ అనో ‘వ్యాపారం’ అనో వృత్తి ఉంటాయి. స్త్రీ అయితే ఫలానావారి భార్య, కాకుంటే ఫలానావారి కుమార్తె, ఆపైన ‘గృహిణి’. ఆమె పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, పాడి చూసుకుంటున్నా దస్తావేజు రాసేవారి కలం ఆ గడిలో అదే మాట దించుతుంది. గడి ఎలా ఉంటే మనిషి అలా కనబడతాడు. ఆరు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు గుమాస్తా చేసినదీ అదే.

ఈ మార్పు ఒక్కరోజులో జరగలేదు, ఆ మధ్యకాలం చాలా గజిబిజిగా ఉంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలపు కోర్టు రికార్డుల్లో, భర్త బతికున్న స్త్రీలను కూడా స్పిన్‌స్టర్ అని రాసిన నేరారోపణలున్నాయి. భర్త ఎదుట భార్య చేసిన కొన్ని నేరాలకు అతని ఒత్తిడే కారణమని అప్పటి చట్టం భావించేది. ఆమెను స్పిన్‌స్టర్ అని రాస్తే ఆ రక్షణ అందదు, అందుకే అలా రాశారని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పాత అర్థమే ఇంకా నడుస్తోంది గనుక రాశారని అనుకున్నా తప్పులేదు. ఇదే కాలంలో షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకంలో, ఒక సైనికాధికారికి యుద్ధవ్యూహం గురించి స్పిన్‌స్టర్‌కు తెలిసినంత కూడా తెలియదని ఇయాగో ఎద్దేవా చేస్తాడు. అక్కడ కూడా అర్థం వడికే ఆడది అనే. అయితే తక్కువచూపు అప్పటికే వచ్చేసింది.

1656లో థామస్ బ్లౌంట్ కఠినపదాల నిఘంటువు వెలువరించేనాటికి వ్యవహారం స్థిరపడింది. వైకౌంట్ కూతురు మొదలుకొని కిందివరకు పెళ్ళికాని స్త్రీలందరికీ చట్టభాషలో చేర్చే ఏకైక విశేషణం స్పిన్‌స్టర్ అని ఆయన రాశాడు. వైకౌంట్ అంటే పెద్ద ప్రభువు. ఆయన కూతురు కదురు పట్టిందో లేదో ఎవరికి తెలుసు? అంటే పని పూర్తిగా రాలిపోయి పెళ్ళిలేమి ఒక్కటే మిగిలింది. దీనికి అడ్డుపడ్డవాళ్ళూ లేకపోలేదు, కాకపోతే వాళ్ళ బాధ వేరు. పెద్దింటి స్త్రీని దావా కాగితంలో స్పిన్‌స్టర్ అని రాస్తే ఆ కాగితాన్నే కొట్టివేయించుకునే హక్కు ఆమెకుందని ప్రసిద్ధ న్యాయవేత్త ఎడ్వర్డ్ కోక్ అభిప్రాయపడ్డాడు. పెళ్ళి కాలేదనడంలో ఆయనకు అవమానం కనబడలేదు. కూలికి వడికే ఆడదాని పేరు కులీనురాలికి తగిలించడమే అవమానంగా కనబడింది. ఈ మాటకు అంటిన మొదటి మచ్చ వర్గానిది, పెళ్ళిది తరువాత వచ్చింది.

ఇక్కడ చాలామంది మరచిపోయే ఒక సంగతి ఉంది. చట్టం దృష్టిలో స్పిన్‌స్టర్ అన్నది అశక్తురాలి పేరు కాదు. ఇంగ్లీషు న్యాయంలో స్త్రీలు రెండు తెగలు. పెళ్ళయిన స్త్రీ భర్త నీడలోకి పోతుంది, ఆ స్థితిని ‘కవర్చర్’ అనేవారు. పెళ్ళితో భార్యాభర్తలు చట్టరీత్యా ఒకే వ్యక్తి అవుతారని, ఆ కాలమంతా స్త్రీ న్యాయపరమైన ఉనికి నిలిచిపోయి భర్త ఉనికిలో కలిసిపోతుందని 1765లో న్యాయవేత్త విలియం బ్లాక్‌స్టన్ ఇంగ్లండు చట్టాల మీద రాసిన వ్యాఖ్యానంలో సూత్రీకరించాడు. ఆమె సంపాదన భర్తది, ఆమె నగానట్రా భర్తవి, ఆమె తనంతట తానుగా ఒప్పందం రాయలేదు, దావా వేయలేదు. స్పిన్‌స్టర్‌కు ఇవన్నీ ఉన్నాయి. యుక్తవయసు వచ్చిన అవివాహిత ఆస్తి కొనవచ్చు, అమ్మవచ్చు, వీలునామా రాయవచ్చు, బాకీదారును కోర్టుకు ఈడ్చవచ్చు, అప్పు ఇచ్చి వడ్డీ తీసుకోవచ్చు. 1882లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చి ఆ గోడ చాలావరకు కూలేదాకా, ఇంగ్లండులో తన సొత్తు తన చేతిలో ఉన్న స్త్రీ ఎవరంటే స్పిన్‌స్టర్, లేదా విధవ. చట్టం ఆమెకు తన పేరు మీద తాను నిలబడే హక్కునిచ్చింది, సమాజం అదే పేరును తిట్టుగా మార్చింది. ఈ రెండూ ఒకే శతాబ్దాల్లో, ఒకే ఊళ్ళలో, పక్కపక్కనే నడిచాయి. హక్కున్నచోటే ఎగతాళి పదునెక్కడం యాదృచ్ఛికమని నేను నమ్మను.

పెళ్ళి వయసు దాటిపోయిన స్త్రీ అన్న హేళన అర్థానికి నిఘంటుకారులు చూపే తొలి తేదీలు పద్దెనిమిదో శతాబ్దం ఆరంభానివి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1719లో, వ్యాసకర్త రిచర్డ్ స్టీల్ ‘ది స్పిన్‌స్టర్’ పేరుతో ఒక కరపత్రం అచ్చువేశాడు. అందులో వాదమంతా ఇంగ్లీషు ఉన్నిబట్టల పరిశ్రమను కాపాడాలని. ఎవరి నుంచి? మన నుంచి. కోరమాండల్ తీరం నుంచి, గుజరాత్ నుంచి, బెంగాల్ నుంచి ఓడల మీద వచ్చిపడుతున్న అద్దకపు నూలుబట్టల నుంచి. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1611లోనే మచిలీపట్నంలో వర్తకశాల తెరిచారు. అక్కడి కలంకారీ, అద్దకపు గుడ్డలు లండన్ స్త్రీల ఒంటి మీద గౌనులయ్యాయి. 1700లో అద్దకపు నూలుబట్టల దిగుమతిని చట్టంతో అడ్డుకున్నా తెల్లగుడ్డ తెప్పించుకుని అక్కడే అద్దుకోవడం మొదలైంది. 1719 వేసవిలో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ నేతగాళ్ళు వీధుల్లో పడి, నూలు గౌను తొడిగిన ఆడవాళ్ళను తరిమి, బట్టలు చింపి, సిరా చల్లారు, ఆమ్లం పోశారు. 1721లో అలాంటి గుడ్డలు తొడగడమే నేరమయింది. స్టీల్ కరపత్రంలో స్పిన్‌స్టర్ అంటే ఇంకా బతుకుతెరువు కోసం ఉన్ని వడికే స్త్రీయే. అటువైపు కృష్ణా తీరపు పల్లెల్లో రాట్నం తిప్పిన స్త్రీ, ఇటువైపు ఇంగ్లండు గుడిసెలో ఉన్ని వడికిన స్త్రీ: ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడకుండానే ఆ చట్టం ఇద్దరినీ పోటీదారులను చేసింది.

మరో యాభై ఏళ్ళకు వచ్చిన యంత్రాల ముందు చివరికి ఇద్దరూ ఓడిపోయారు. 1760ల నడుమ జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఒకేసారి పలు కదుళ్ళు తిప్పే జెన్నీని తయారుచేశాడు. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1769లో నీటితో నడిచే యంత్రానికి పేటెంటు పొంది 1771లో క్రామ్‌ఫర్డ్‌లో మిల్లు కట్టాడు. 1779 నాటికి శామ్యూల్ క్రాంప్టన్ యంత్రం ‘మ్యూల్’ వచ్చింది. గుడిసెల్లో రాట్నాలు మూలపడ్డాయి. మిల్లుల్లో స్త్రీలు, పిల్లలు వేలాదిగా పనిచేశారు, నిజమే. అయితే మ్యూల్ మీద నూలు తీసే నైపుణ్యపు పని, ఎక్కువ కూలి దొరికే పని, మగవాళ్ళ చేతికి పోయింది. వాళ్ళ కార్మిక సంఘాలు ఆ పనిలోకి స్త్రీలను రానీయకుండా కాపలా కాశాయి. ఆ మగవాళ్ళను ఏమన్నారు? ‘స్పిన్నర్’ అన్నారు. నాలుగు వందల ఏళ్ళుగా ఆ పనికి ఉన్న మాటను వాళ్ళు ముట్టుకోలేదు. పని వేరే పేరుతో మగవాడి వెంట వెళ్ళిపోయింది, పాత పేరు పని లేకుండా ఆడదాని దగ్గర మిగిలింది. స్పిన్‌స్టర్ కథలో అన్నిటికంటే బాధ కలిగించే మలుపు నాకు ఇదే.

పేరు ఇలా ఖాళీ అయ్యాక అందులో ఏదైనా పోయవచ్చు. 1851 బ్రిటన్ జనగణనలో ప్రతి వ్యక్తి వైవాహిక స్థితినీ నమోదు చేశారు. స్త్రీల సంఖ్య పురుషులకంటే లక్షల్లో ఎక్కువని పట్టికల్లో తేలేసరికి పత్రికలన్నీ దాన్నొక సమస్యగా పట్టుకున్నాయి. 1862లో విలియం రాత్‌బోన్ గ్రెగ్ అనే వ్యాసకర్త ‘స్త్రీలు ఎందుకు మిగులుబాటయ్యారు?’ అని ప్రశ్నిస్తూ, వలసదేశాల్లో భార్యల కొరత ఉంది గనుక వీళ్ళను ఓడలెక్కించి అక్కడికి పంపాలని వాదించాడు. ఈ గ్రెగ్ స్టైల్ గ్రామంలోని క్వారీ బ్యాంక్ నూలుమిల్లు స్థాపించిన శామ్యూల్ గ్రెగ్ కొడుకు. వడికే పనిని ఇళ్ళ నుంచి మిల్లుకు తరలించి సంపన్నులైన కుటుంబాల్లో ఆ కుటుంబమొకటి. పని పోయిన స్త్రీ ఎవరికీ అక్కరలేనిదన్న వాదన ఆ ఇంటివాడి కలం నుంచే రావడాన్ని నేను అంత తేలిగ్గా దాటిపోలేను. అదే ఏడాది రచయిత్రి ఫ్రాన్సెస్ పవర్ కాబ్ దీటైన జవాబు రాసింది. పెళ్ళి ఒక్కటే బతుకుదారిగా మిగిలితే స్త్రీ ప్రేమతో పెళ్ళాడదు, తిండి కోసం పెళ్ళాడుతుంది. ఒంటరి జీవితాన్ని గౌరవంగా, పనితో నిండినదిగా ఉండనిస్తేనే పెళ్ళి కూడా బాగుపడుతుంది అన్నది ఆమె వాదన సారం. ఆమె స్వయంగా పెళ్ళి చేసుకోకుండా శిల్పి మేరీ లాయిడ్‌తో కలిసి జీవితం గడిపింది.

ఓటు విషయంలో కూడా చట్టం ఈ రెండు తెగల మధ్య గీత గీసింది. 1869లో పన్ను కట్టే స్త్రీలకు పురపాలక ఎన్నికల్లో ఓటు ఇచ్చారు. వివాహితలకు కూడా అది వర్తిస్తుందా అన్న వివాదం కోర్టుకెక్కితే 1872లో వర్తించదని తీర్పు వచ్చింది. అంటే ఊరి పాలకులను ఎన్నుకునే యోగ్యత స్పిన్‌స్టర్‌కూ విధవకూ ఉంది, భార్యకు లేదు. ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్ బడులు, ప్రభుత్వ కార్యాలయాలు పెళ్ళి చేసుకున్న ఉద్యోగినులను ఇంటికి పంపేవి. ఆ నిబంధన ఉపాధ్యాయినులకు 1944లో, సివిల్ సర్వీసులో 1946లో తొలగింది. అవివాహితల శ్రమ మీద బడులు నడుపుకుంటూ, అవివాహిత పంతులమ్మను చూసి నవ్వడం ఆ సమాజానికి ఎలా సాధ్యపడిందో ఆలోచించండి.

ఈ మాటను తలెత్తుకుని మోసిన ఒక మనిషి గురించి చెప్పకుండా ఈ ప్రసంగం ముగించలేను. ఆమె పేరు ఫ్లారెన్స్ వైట్. ఊరు బ్రాడ్‌ఫర్డ్, ఇంగ్లండు ఉన్ని పరిశ్రమకు గుండెకాయ లాంటి పట్టణం. కేకులు, మిఠాయిలు చేసి అమ్ముకుని బతికిన మధ్యతరగతికి దిగువనున్న స్త్రీ. ఆమెను చేసుకోవలసినవాడు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో చనిపోయాడు. 1921 జనగణనలో ఇంగ్లండు, వేల్స్‌లలో పురుషులకంటే స్త్రీలు పదిహేడు లక్షల మందికి పైగా ఎక్కువగా లెక్కతేలారు, పత్రికలు మళ్ళీ ‘మిగులు స్త్రీలు’ అనే పాట అందుకున్నాయి. 1925 చట్టం విధవలకు పింఛను ఇచ్చింది. ఒంటరి స్త్రీ మాత్రం పదహారేళ్ళకో పద్దెనిమిదేళ్ళకో పనిలో చేరి ప్రతివారం బీమా చందా కట్టి, యాభై దాటాక ఒంట్లో సత్తువ తగ్గో, వయసు చూసి యజమాని తీసేస్తేనో, ముసలి తల్లిదండ్రులను చూసుకోవడానికి మానుకుంటేనో, అరవై అయిదేళ్ళు నిండేదాకా చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఉండాలి. 1935లో ఫ్లారెన్స్ వైట్ జాతీయ స్పిన్‌స్టర్ల పింఛను సంఘాన్ని స్థాపించింది. యాభై అయిదేళ్ళకే పింఛను కావాలన్నది కోరిక, విధవతో సమన్యాయం అన్నది నినాదం. సంఘం పేరు పెట్టేటప్పుడు అవివాహితలనో ఒంటరి మహిళలనో సౌమ్యమైన మాట దొరక్కపోదు. ఆమె ఎగతాళి మాటనే ఎంచుకుని బ్యానర్ల మీద పెద్ద అక్షరాలతో రాయించింది. మిల్లుపట్టణాల నుంచి వేలాదిగా స్త్రీలు చేరారు. వాళ్ళలో ఎందరో బట్టల మిల్లుల్లో జీవితమంతా పనిచేసినవాళ్ళు. పాత పనిపేరుకు, ఆ పని చేస్తున్న చేతులకు మళ్ళీ సంబంధం కలిసింది. ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 1940లో వచ్చిన చట్టం బీమా చందా కట్టిన స్త్రీలకు పింఛను వయసును అరవై అయిదు నుంచి అరవైకి దించింది. అడిగింది యాభై అయిదు, దక్కింది అరవై. ఆ అయిదేళ్ళ తగ్గింపు వెనుక ఆమె ఉద్యమం ఒత్తిడి ఉంది.

పక్కనే ఉన్న ‘బ్యాచిలర్’ సంగతి రెండు మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే దాని కథలో పెద్దగా గాయాలు లేవు. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఆ మాటకు తొలి అర్థం ఇంకా ఎదగవలసిన యువ యోధుడు. తరువాత తొలి పట్టా అందుకున్న విద్యార్థి. ఆ తరువాత పెళ్ళికాని మగవాడు. ప్రతి మలుపులోనూ ముందున్న కాలాన్ని సూచించిన మాట అది. మన హైదరాబాదులో, విజయవాడలో గదులు వెదుక్కునే ఉద్యోగినులు కూడా తమను బ్యాచిలర్స్ అనే చెప్పుకుంటారు. స్పిన్‌స్టర్ అని ఎవరూ చెప్పుకోరు. ఇంటి యజమానులు ఆ మాటకు భయపడి గది ఇవ్వకపోవచ్చు గానీ దాన్ని విని జాలిపడరు.

2004లో బ్రిటన్‌లో పౌర భాగస్వామ్య చట్టం వచ్చింది. అది 2005 డిసెంబరులో అమలైనప్పటి నుంచి ఇంగ్లండు, వేల్స్ వివాహ రిజిస్టర్లలో బ్యాచిలర్, స్పిన్‌స్టర్ అనే రెండు మాటలకూ బదులు స్త్రీపురుషులిద్దరికీ ‘సింగిల్’ అని రాస్తున్నారు. అలా అక్కడి ప్రభుత్వపు గడిలోంచి ఆ మాట తప్పుకుంది. మన దేశంలో మాత్రం అది చట్టంలోనే ఉంది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈనాటికీ అమల్లో ఉన్న చట్టం. దాని అనుబంధంలో ఇచ్చిన నమూనా నోటీసులో ‘స్థితి’ అనే గడి కింద వరుడిని భార్య చనిపోయినవాడిగా, వధువును స్పిన్‌స్టర్‌గా చూపించారు. అక్కడ వధువుకు ఇంకా మైనారిటీ కూడా తీరలేదు. అంత చిన్నపిల్లకు ఆ మాట రాయడాన్ని బట్టి అది వయసు మీరిన స్త్రీ అన్న అర్థంలో కాక, కేవలం అవివాహిత అన్న పాత చట్టపు అర్థంలోనే వచ్చిందని తెలుస్తుంది. ఆ అనుబంధాన్ని సవరించి వధూవరులిద్దరికీ ‘అవివాహిత’, ‘అవివాహితుడు’ అనే సమానమైన మాటలు పెట్టడానికి పార్లమెంటుకు పెద్ద శ్రమ అక్కరలేదు. అది జరగాలని నేను కోరుకుంటున్నాను. ఆ లోపల ఇంగ్లీషు పుస్తకాలను తెలుగులోకి తెచ్చేవారికి నా విన్నపం: స్పిన్‌స్టర్ అన్న మాట ఎదురైనప్పుడు అది ఏ శతాబ్దపు వాక్యమో ముందు చూడండి. లాంగ్‌లాండ్ దగ్గరైతే ఆమె నూలు వడికే కూలి మనిషి, కోర్టు కాగితంలోనైతే అవివాహిత, గ్రెగ్ కాలపు పత్రికలోనైతే ఆ ఎగతాళి తెలుగులోనూ వినపడాలి, ఫ్లారెన్స్ వైట్ బ్యానరు మీదైతే ఆ పౌరుషం వినపడాలి.

ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.